మైనస్ పద్దెనిమిదిలో గేమ్యా

సూర్యాపేట బస్టాండు వెనక టైలర్ షాపు మేడ మీద చీఫ్ జయరాజు ఫైలు తెరిచాడు.

"గేమ్యా, మిషన్ రొయ్య. విదేశీ ముఠా. నిషేధించిన మందులు మేపిన వాళ్ల రొయ్యలను కోదాడ కోల్డ్ స్టోరేజీకి తెస్తున్నరు. పెట్టెల మీద 'మూలదేశం ఇండియా' అని లేబుల్ కొట్టి ఎగుమతి చేస్తున్నరు. ఆడ పట్టుబడితే మన రొయ్య మొఖం ఎవడు సూడడు. నాలుగింటికి కంటైనర్ కదుల్తది. ఆ లేబుల్ కింద దాగిన అసలు లేబుల్ నాకు కావాలె."

"తోడెవరు సార్?"

"ఏజెంట్ సింధు. కోడ్ వర్డ్, ఐస్ ఉందా."

మిర్యాలగూడ రైసు మిల్లు నుంచి కోదాడ కోల్డ్ స్టోరేజీకి లోడింగ్‌కు వచ్చిన హమాలీ జట్టులో గేమ్యా ఆరోవాడిగా చేరాడు. మారువేషానికి నెత్తిన గోనెసంచి చాలింది. మొలతాడుకు అగ్గిపెట్టెంత ట్రాన్స్‌మిటర్. చంద్రమండలం దాకా పలుకుతుందని ఆఫీసులో గ్యారంటీ ఇచ్చారు.

చివరి పెట్టెతో కంటైనర్ లోపలి మూలకు వెళ్లి, పై లేబుల్ పీకాడు. ఎక్కడ పారేయాలో తోచక తన ఛాతీకే అంటించుకున్నాడు. పెట్టె మీద అడుగు లేబుల్‌లో విదేశీ పేరు బయటపడింది. ఆ అట్టముక్క చించేసరికి తలుపు దగ్గర హైహీల్స్ చప్పుడు.

సింధు. నల్లకళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్.

"ఐస్ ఉందా?" అన్నాడు గేమ్యా.

"బోలెడుంది. అంతా మీకే గేమ్యా గారూ. నాకు రెండు ఉద్యోగాలండీ, ఏం చేయమంటారు?"

తలుపు పడింది. గడియ. దాని మీద సీలు.

చీకటి. మైనస్ పద్దెనిమిది. చంద్రమండలం దాకా పలికే యంత్రం ఇనుపగోడ దాటలేదు. అరిస్తే కూలింగ్ మోటారు మింగేసింది. గుద్దితే మందపాటి థర్మాకోల్ తాగేసింది. మీసం గడ్డకట్టింది. వేళ్లు పట్టు తప్పుతుంటే అట్టముక్కను పళ్లతో కరిచాడు. కాళ్లు తనవి కాకుండా పోయాయి. ఇంజన్ స్టార్టయింది.

బయట జట్టు మేస్త్రీ మైసయ్య ముందు ఆరు గ్లాసుల చాయ్. లోడెత్తాక జట్టంతా కూడితేనే ఎవరైనా గ్లాసు ముట్టాలి. మిల్లులో ముప్పై ఏళ్ల కట్టుబాటు. అది ఏ ముఠాకు తెలుస్తుంది?

"ఆరోడేడి మేడం?"

"వెళ్లిపోయాడండీ."

"చాయ్ తాగకుంట పోయే హమాలీ ఇంక పుట్టలే."

మైసయ్య వెళ్లి లారీ ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. మిగతా నలుగురూ పక్కన చేరారు.

"సల్లారుతున్నది. తలుపు తియ్యి."

హారన్ మోగింది. ఒక్కడూ లేవలేదు. సింధు వద్దంటున్నా డ్రైవర్ కిందికి దూకాడు.

"ఆలస్యమైతే పోర్టు గేటు మూస్తరు మేడం," అని సీలు తెంపాడు.

గేమ్యా కొయ్యబొమ్మలా బయటికి ఒరిగాడు. పళ్ల మధ్య అట్టముక్క. ట్రాన్స్‌మిటర్ అప్పుడు పలికింది. వీధి చివర కాచుకున్న చీఫ్ జీపు వచ్చి లారీకి అడ్డం పడింది. గేమ్యా కళ్లతో చూపగానే సింధు చేతులకు బేడీలు పడ్డాయి.

మైసయ్య ఆరో గ్లాసు గేమ్యా చేతిలో పెట్టాడు. జయరాజు గేమ్యా ఛాతీ మీది లేబుల్ చదివాడు: మూలదేశం ఇండియా.

"మొత్తం లోడుల," అన్నాడు చీఫ్, "ఇదొక్కటే నిజం."