లిఫ్టు గుంతలో చప్పుడు

మా వీధి చివర ఐదంతస్తుల ఖాళీ బిల్డింగు ఉందే, పొద్దు గూకాక దాని ముందునుంచి ఎవరూ వెళ్లరు. కరెంటు ఎప్పుడో తీసేశారు, గేటు తుప్పు పట్టింది. అయినా లోపల, ఆగిపోయిన లిఫ్టు దగ్గర్నుంచి చప్పుడొస్తుంది. ఠంగ్... ఠంగ్... కాసేపు ఏమీ ఉండదు. మళ్లీ ఠంగ్... ఠంగ్...

నేను పిరికివాణ్ణేం కాదు. కాకపోతే నా టైలర్ షాపు కట్టేశాక చుట్టు తిరిగి ఇంటికెళ్తాను — నడక ఒంటికి మంచిదని!

మా పక్కింట్లో లిఫ్టు మెకానిక్ ఉంటాడు. ఆ లిఫ్టు బాగుచేస్తూనే ఆయన తమ్ముడు పోయాడు. అన్న పైన మిషను గదిలో, తమ్ముడు కింద గుంతలో... తాడు తెగి లిఫ్టు వచ్చి తమ్ముడి మీద పడింది. అన్న తప్పేం లేదని అందరూ చెప్పారు. అయినా మనిషి మనిషిలా లేడు. పనికి వెళ్తే పని సాగదు, ఇంటికొస్తే నిద్ర లేదు. భార్య బతిమాలి కౌన్సెలర్ మేడమ్ దగ్గరికి పంపింది. అక్కడ ఏమడిగినా ఒకటే జవాబు — "బాగానే ఉందండీ."

ఇక్కణ్ణుంచి ఆయన భార్య నాకు చెప్పిందే. ఆయనే చెప్పమన్నాడట.

ఓ సాయంత్రం వాన. దగ్గర దారని ఆవిడ ఆ బిల్డింగు ముందునుంచే వస్తోంది... ఠంగ్... ఠంగ్... ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని పరుగెత్తబోయింది. అంతలో గుసగుసగా ఓ మాట.

"ఉన్నావా...?"

ఆ గొంతు విని ఆవిడ ఆగిపోయింది. గేటు తోసుకుని లోపలికి వెళ్లి ఫోను లైటు వేసింది. చేతిలో స్పానర్‌తో, గుంతలోకి వంగి ఒక ఆకారం... మెల్లగా ఇటు తిరిగింది.

వాళ్లాయనే.

లిఫ్టు పనివాళ్లకి ఓ అలవాటు ఉంది. గుంతలో అరిస్తే గొంతు గింగురుమంటుంది, మాట తెలియదు. అందుకని లిఫ్టు నడిచే ఇనప పట్టా మీద రెండు దెబ్బలు కొడతారు, ఉన్నావా అని. కిందివాడు తిరిగి కొడితే ఉన్నానని. ఆ రోజు తమ్ముడు తిరిగి కొట్టలేదు. ఈయన ఇంకా కొడుతూనే ఉన్నాడు.

"మేడమ్‌కి ఈ సంగతి చెప్పారా?" అంది ఆవిడ.

"చెబితే మానమంటుంది. మానేస్తే వాడిక్కడ ఒక్కడే అయిపోతాడే..."

ఆవిడకి ఏడుపాగలేదు. "నేను మిమ్మల్ని కూడా ఈ గుంతకి ఇచ్చెయ్యాలా? మేడమ్‌కి చెప్పండి, మీ కాళ్లు పట్టుకుంటాను."

మర్నాడు కౌన్సెలర్ దగ్గర, భార్యని పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం చెప్పేశాడు, ఇన్నాళ్లూ ఆడిన అబద్ధాలతో సహా. కౌన్సెలర్ కోప్పడలేదు.

"నిద్ర గురించే అడుగుతూ వచ్చాను. అది నా పొరపాటు. మానమని అనను. వెళ్లాలనిపించినప్పుడల్లా నాకు చెప్పండి, ఏం చెయ్యాలో ఇద్దరం కలిసి చూద్దాం. ఒక్కటి అడగనా... మీ తమ్ముడు పలికితే ఏమంటారు?"



"ఏముందండీ... పనైపోయింది, పైకి రారా, ఇంటికెళ్దాం అంటాను."

ఆ మాట అన్నాకే ఆయనకి దుఃఖం పొంగుకొచ్చింది. భార్య చెయ్యి గట్టిగా పట్టుకుని, చిన్నపిల్లాడిలా మేడమ్‌ని అడిగాడు.

"వాడింక రాడు కదండీ?"