కాఫీరంగు నెత్తురు

"నా మనవడు నల్లబడిపోతాండాడమ్మా!"

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల పైమేడలో ఉంది డిటెక్టివ్ వాసవి ఆఫీసు. పొద్దున్నే తలుపు తోసుకొచ్చిన వనజమ్మ కుర్చీలో కూడా కూర్చోలేదు. జమ్మలమడుగు అవతలి కొండమీద గొర్రెలు మేపుకునే కుటుంబం ఆమెది. నాలుగు రోజుల్లో పదకొండు గొర్రెలు ఊపిరాడక చచ్చాయి. రెండు నెలల మనవడి పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. ఆస్పత్రిలో రెండు రోజులుంచితే తేరుకున్నాడు. నిన్న కొండకు తెస్తే, తెల్లారేసరికి మళ్లీ అదే నలుపు.

"ఆ గొర్రెల వ్యాపారి ఫకీర్ సాహెబే మందు పెట్టినాడు. చావబోయే రెండింటిని కోసి, మాంసం అమ్మకుండా పూడ్చినాడు. తప్పు చేయనోడు దాస్తాడా? నా కొడుకు శేషయ్య వాణ్ణి పట్టి కూర్చోబెట్టినాడు. నువ్వు రుజువు చూపించు, చాలు."

"ముందు బిడ్డను ఆస్పత్రికి చేర్చమని ఫోన్ చెయ్యి."

"కొండమీద సిగ్నల్ యాడుందమ్మా?"

వాసవి సంచీ భుజాన వేసుకుని లేచింది. సహాయకుడు నయీం అప్పటికే కారు తాళాలు అందుకున్నాడు. వాసవక్క ముక్కు గోక్కున్నా అందులో ఏదో ఆధారం ఉందనుకునే రకం అతను.

"బిడ్డ ఏం తాగుతాడు?" దారిలో అడిగింది వాసవి.

"డబ్బాపాలే. కోడలు మేఘనకు పాలు పడలేదు. వంకలో గుండం పక్కన ఇసకలో చెలమ తీసి నీళ్లు తోడుకుంటాం. భయం గదా, సగం ఇంకిపోయేదాకా మరగబెడతాది మేఘన."

మరిగిన నీళ్లలో ఇంకేముంటుంది? నయీం నీళ్లను అనుమానంలోంచి కొట్టేశాడు.

"గొర్రెలు చావకముందు కొత్తగా ఏమైనా జరిగిందా?"

"ఏముందమ్మా! పులివెందుల కాడ చీనీ పండ్ల తోటకు కూలికి పోయొచ్చినా. ఉయ్యాలకు వాన పడకుండా పట్ట కుట్టినా. అంతే."

వాసవి జమ్మలమడుగులో కారాపించి నీటి పరీక్ష పట్టీలు కొంది. కొండ మొదట్లోనే కారుకు దారి ఆగిపోయింది; అక్కణ్ణుంచి పైకి గంట నడక. పైదాకా ఎక్కగలిగింది ఫకీర్ సాహెబ్ టెంపో ఒక్కటే. దాని తాళాలు శేషయ్య గుప్పిట్లో ఉన్నాయి.

పైన పదిమంది కట్టెలు పట్టుకుని ముసలాయన చుట్టూ నిలబడ్డారు. ఉయ్యాలలో పసివాడు ఏడవడం కూడా మానేశాడు. మేఘన పాలసీసా కలుపుతోంది. వాసవి దాన్ని లాక్కుంది.

"ఇది వద్దు! బిడ్డను ఇప్పుడే దించాల. శేషయ్యా, తాళాలియ్యి."

"ఇస్తే ఈయప్ప పారిపోతాడు. ఎవురు చేసినారో తేల్చు, ఇస్తా."

వాసవి పళ్లు కొరికింది. పట్టీలతో నయీంను వంకకు పరుగెత్తించి, ముసలాయన వైపు తిరిగింది.

"సాయిబు మామా, మాంసం ఎందుకు పూడ్చినావు?"

"నెత్తురు ఎర్రగా లేదమ్మా. కాఫీ డికాషన్ మాదిరి ఉండె. ముప్పై ఏండ్లుగా కోస్తాండా, అట్లాంటిది చూడలే. దాన్ని ఎవురి నోట్లో పెట్టేది?"

వాసవి ఉయ్యాలపై పట్ట తిప్పి చూసింది. లోపలివైపు ఎరువు సంచుల మీది కంపెనీ అక్షరాలు. అంతలో నయీం రొప్పుతూ వచ్చాడు.

"గుండానికి ఎగువన ముంచితే పట్టీ తెల్లగానే ఉండాదక్కా. గుండంలో, చెలమలో ముదురు గులాబీ!"

ఇక చెప్పక తప్పదు. వాసవి పట్ట అంచు పట్టుకుని ముసలామె వైపు తిరిగింది.

"వనజమ్మా, ఈ సంచులు యాడ ఉతికినావు?"

"గుండంలోనే. తడిసి గడ్డకట్టినాయని తోటోళ్లు ఇరవై మూటలు పారేసినారు. ఏసుకొచ్చి, గడ్డలన్నీ ఆ నీళ్లలోనే దులిపి, మూడుసార్లు ఉతికినా. వాసన చూడు, ఏమన్నా వస్తాదా?"

"ఆ ఎరువు గడ్డల్లో నైట్రేట్ అనే ఉప్పు ఉండాదమ్మా, పట్టీ గులాబీ అయ్యింది దానికే. అది ఎక్కితే నెత్తురు ఊపిరిని మోయలేదు. గొర్రెలకు నెత్తురు కాఫీరంగైంది, బిడ్డకు పెదాలు నల్లబడినాయి. ఆస్పత్రి నీళ్లతో తేరుకున్నాడు, ఈడికి రాగానే మళ్లీ మొదలైంది."

"మరిగించినాం గదక్కా!" మేఘన కేక పెట్టింది.

"మరిగిస్తే పురుగు చస్తాది, ఇది చావదు. నీళ్లు ఇంకేకొద్దీ చిక్కబడతాది."

"మేమూ తాగినాం గదా?" అన్నాడు శేషయ్య.

"పెద్దోళ్ల ఒళ్లు తట్టుకుంటాది. పసిబిడ్డ తట్టుకోలేడు. గొర్రెలంటావా, గుండానికే మూతి పెట్టి కడుపు నిండా తాగినాయి. మందు ఎవురూ పెట్టలే."

వనజమ్మ అక్కడే కూలబడింది. "వాన తగలకూడదని కుట్టినానే! నా చేత్తోనే చేసుకుంటినే!"

శేషయ్య తలెత్తకుండా తాళాలు అందించాడు. ఫకీర్ సాహెబ్ వాటిని అందుకుని బండి స్టార్ట్ చేశాడు. బిడ్డతో మేఘన ముందు ఎక్కింది, వాసవితోపాటు వనజమ్మ గొర్రెలు నిలబడే వెనకభాగంలో ఒదిగింది. ప్రొద్దుటూరు ఆస్పత్రి చేరేదాకా బండి ఎక్కడా ఆగలేదు.

వాసవి చెప్పింది విని డాక్టరు విరుగుడు సూదిమందు ఎక్కించాడు. సాయంత్రానికి పసివాడి పెదాలు ఎర్రబడ్డాయి. ఆకలికి ఆస్పత్రి అదిరేలా ఏడ్చాడు.

వనజమ్మ మెట్ల దగ్గరికి వచ్చింది. అక్కడ ఫకీర్ సాహెబ్ బీడీ వెలిగించకుండా వేళ్ల మధ్య తిప్పుతున్నాడు.

"సాయిబూ, ఇంక మా కొండకు వస్తావా?"

"రేపే వస్తా," అన్నాడు ఆయన. "వచ్చేటప్పుడు రెండు క్యాన్లు మంచినీళ్లు తెస్తా."