‘ద’ బొమ్మలో నాన్న కార్డు

ఆదివారం పొద్దున్నే చర్చికి బయల్దేరబోతూ మార్తమ్మ బైబిల్ తెరిచింది. పేజీలు తిరగేసింది. మళ్లీ తిరగేసింది. చివరికి బైబిల్‌ని బోర్లించి దులిపింది. కొండాపూర్‌లోని ఆ ఫ్లాట్‌లో బైబిల్‌ని ఎవరూ ఎప్పుడూ అలా దులపలేదు.

"కెజియా! ఇందులో మీ నాన్న వాగ్దానం కార్డు ఏదే?"

హాల్లో కాగితాల మధ్య కూర్చున్న కెజియా కత్తెర ఆపింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి తెలుగు అక్షరాల పాప్ ఆర్ట్ కొలాజ్‌లు చేస్తోంది. అక్షరానికి తగ్గ కాగితాలు ఏరి, కత్తిరించి, పెద్ద అక్షరంలా అతికించి ప్రింట్లు తీస్తుంది. ఇప్పుడు చేస్తున్నది ‘ద’. దోశపిండి కవరు, దారం రీలు చీటీ, దవాఖాన టోకెను. వాటి నడుమ ఎర్రటి అచ్చులో ‘దీర్ఘాయువు’.

మార్తమ్మ చూసింది.

"కోసేశావా? దేవుని మాటని కత్తెర పెట్టి కోసేశావా?"

"పాత కార్డే కదమ్మా..."

కెజియా అబద్ధమేం చెప్పలేదు. కొత్త సంవత్సరం ఆరాధనలో తలా ఒక వాక్యం కార్డు తీస్తారు. ఏడాదంతా అదే దేవుడిచ్చిన మాట. మళ్లీ జనవరి వస్తే కొత్త కార్డు. పాతది ఎవరిక్కావాలి?

"అమ్మా, క్యాబ్ వచ్చేస్తోంది. గొడవ చర్చి తర్వాత పెట్టుకోండి," అన్నాడు తమ్ముడు రాబిన్, షూ లేసు కట్టుకుంటూ.

"నువ్వు పోరా! నేను రాను." మార్తమ్మ కూతురి వైపు తిరిగింది. "పీకు. ఇప్పుడే పీకి నా చేతిలో పెట్టు."

కెజియా హెయిర్ డ్రయ్యర్ తెచ్చి జిగురు మెత్తబడేలా వేడిగాలి పట్టింది. కార్డు అంచు లేచింది. దాంతోపాటు కార్డు పైపొర కూడా చిరిగింది.

"ఆపు! ఆపవే!"

కెజియాకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "నాన్న మాట ఎత్తొద్దని నువ్వే కదా మా నోళ్లు కుట్టేశావ్! ఈ కార్డు నీకింత ముఖ్యమని నాకెలా తెలుస్తుంది?"

చావు జరిగిన ఇళ్లలో ఇదో జబ్బు. అందరూ లోపలే ఏడుస్తారు, ఒక్కరూ మాట్లాడరు. దానికి ఓర్పు అని పేరు పెట్టుకుంటారు. ఓర్పూ కాదు, పాడూ కాదు, భయం.

మార్తమ్మ నేలమీద కూలబడింది.

"దీర్ఘాయువు ఇస్తానని కార్డు వచ్చింది మీ నాన్నకి. ఆ ఎండాకాలమే ఆ దేవుడే ఆయన్ని తీసుకెళ్లిపోయాడు. రోజూ పొద్దున్నే ఆ కార్డు ముందు పెట్టుకుని దేవుడితో పోట్లాడుతున్నానే. ప్రార్థన అనుకున్నారు మీరు. ఇప్పుడు దేన్ని చూపించి అడగను?"

రాబిన్ ఫోన్ తీసి క్యాబ్ రద్దు చేశాడు.

కెజియా వచ్చి తల్లి పక్కన చేరింది. "నాతో పోట్లాడమ్మా. నేనింట్లోనే ఉన్నాగా."

మార్తమ్మ చిరిగిన కార్డు మీద వేలు పెట్టి అడిగింది. "కార్డు తీసిన రోజు మీ నాన్న నీ చెవిలో ఏదో చెప్పి నవ్వారు. ఏమన్నారే?"

"‘మీ అమ్మకి ఇంకో ముప్పై ఏళ్లు నా గురక తప్పదు’ అన్నాడు."

మార్తమ్మకి ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే విరిగింది. సమాధి దగ్గర కూడా రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది, గొంతు పగిలేలా, పిల్లలిద్దర్నీ పట్టుకుని.