జానకక్క టబ్బులో కాల్షియం

మా జానకక్క ఇల్లు కోడూరు దాటాక, ఆమె రొయ్యల చెరువుల గట్టు పక్కనే. మోకాళ్లు పట్టేసి కర్ర లేకుండా నడవలేకపోతోందని పెరటి గదిలో హాట్ టబ్, అంటే కూర్చునే వేడినీళ్ల తొట్టి, పెట్టించుకుంది. మా దగ్గర బోరు నీళ్లు ఉప్పు కదా, అందుకని ఆర్వో నీళ్లు పోయించింది. వాటిలో కాల్షియం ఉండదు. అలాంటి నీళ్లకు ఆకలెక్కువ అని బళ్లో పిల్లలకు చెబుతుంటాను. లోహాన్నైనా, సిమెంటునైనా కొరికి తమకు కావలసింది తీసుకుంటాయి. కాల్షియం పొడి కలిపితేనే కుదురుగా ఉంటాయి. అక్కకు ఒకరు చెప్పక్కర్లేదు, చెరువులకు చేసే పనే.

ఆ సాయంత్రం నేను వెళ్లేసరికి గాజు సీసాలో టబ్ నీళ్లు తీసి చుక్కల మందు వేస్తోంది. కాల్షియం ఉంటే ఎర్రబడాలి. నీలంగా మారాయి.

"పొద్దున్నేగా పొడి వేశాను! మళ్లీ సున్నా. రోజూ ఇదే వరస."

"టబ్బే తాగేస్తోందేమో అక్కా?"

"ప్లాస్టిక్కు తాగుతుందా? నీకెవరిచ్చార్రా మాస్టారుద్యోగం!" అని నవ్వి, గొంతు తగ్గించింది. "చెరువులో ఇలా ఎప్పుడు పడిపోతుందో తెలుసా? రొయ్య గుల్ల విడిచినప్పుడు. ఒళ్లంతా మెత్తగా ఉంటుంది. నీళ్లలో కాల్షియం లాక్కుని కొత్త గుల్ల గట్టిపరుచుకుంటుంది."

"ఇందులో రొయ్యలేవీ?"

"అదే నేనూ అడుగుతున్నా."

దీపాలు పెట్టే వేళ. దూరంగా చెరువుల్లో నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ల హోరు. గదిలో తడిసిన సున్నం వాసన, దాని అడుగున సన్నగా నీచు వాసన.

"ఇంకాస్త పొడి వెయ్యనా?"

"వద్దు. అదేదో మెత్తగానే ఉండనీ. నేను మేపను."

"బయటికి పద అక్కా."

"నా ఇల్లు, నా నీళ్లు. నేనెందుకు పోవాలిరా?" కుచ్చిళ్లు ఎత్తి కుడికాలు లోపల పెట్టింది.

నీళ్లు కదల్లేదు. ఆవిరి ఆగిపోయింది.

"తమ్ముడూ..." గుసగుసలాడింది. "మెత్తగా ఉంది... వేళ్లున్నాయి..."

రెక్క పట్టి లాగాను. రాలేదు. అక్క పళ్లు బిగించి కర్రతో నీళ్లలో పొడిచింది. మళ్లీ పొడిచింది. పట్టు వదిలి కాలు బయటికొచ్చింది. వెంటనే వంగి, నీళ్లు వదిలే మూత తిప్పేసింది. గడగడమంటూ అన్నీ పోయాయి. అడుగున ఏమీ లేదు...

కుర్చీలో కూర్చుని కాలి చిటికెన వేలు పట్టుకుంది. చెవి తమ్మెలా మడతపడింది. నొప్పి లేదట. లోపల ఎముకా లేదు.

నీళ్లు పోయిన గొట్టంలో చప్పుడు. టక్... గోటితో కొట్టినట్టు. చిన్నది. గట్టిది.

"విన్నావా? గట్టిపడింది." అక్క లేచి నిలబడింది. "ఒక్క వేలు తిన్నావు. ఇంక గోరు కూడా ఇవ్వను!" కర్రెత్తి గొట్టం మీద ఒక్కటిచ్చింది.

చాలాసేపు ఏమీ లేదు...

తర్వాత జవాబొచ్చింది. గొట్టంలోంచి కాదు. మా కాళ్ల కింద, పొడి గచ్చు అడుగునుంచి. ఈసారి గోటితో కాదు... గుప్పిటతో.