ఇద్దరు చేసిన సమ్మె

"పెళ్లికూతుర్ని పీటల మీద కూర్చోబెట్టి మూడు వారాలైంది. ఆ రాసేవాడికి మనసనేది ఉండాదా అక్కా?"

హోసూరు బస్టాండు నుంచి మత్తిగిరి పోయే షేర్ ఆటోలో నందిత గొంతు వాన చప్పుడును మించి వినిపించింది. పక్కన పూలబుట్ట ఒళ్లో పెట్టుకున్న పుట్టమ్మ దిగులుగా తలూపింది. ఇద్దరి బాధా ఒకటే. కేబుల్ చానల్లో ప్రతి ఆదివారం వచ్చే 'ఈడే ఉండాము' సీరియల్ ఆగిపోయింది. బడుల్లో, బోర్డుల మీద తమిళమే అయినా, ఆ ఊరి ఇళ్లలో వినిపించే తెలుగే అందులోనూ వినిపించేది. 2008 జూన్‌లో దాన్ని చూడని తెలుగు ఇల్లు హోసూరులో వెతికినా దొరికేది కాదు.

"ఎందుకంటమ్మా ఆపినాడు?" అంది పుట్టమ్మ.

"మా చిన్నాయన ఆ వీడియోలు నెట్‌లో పెట్టిస్తా ఉండాడు కదా, దాన్లో భాగం కావాలంట. నెట్‌లో ఏమొస్తాదక్కా? ఉత్త పబ్లిసిటీ!"

చానల్ నందిత చిన్నాన్న తిమ్మరాజుది. బెంగళూరులో కంప్యూటర్ చదువు ముగించి వచ్చిన నందిత, రెండు నెలలుగా ఇంట్లో కూర్చుని ఆ ఎపిసోడ్లను నెట్‌లోకి ఎక్కిస్తోంది. రాసే మనిషిని మాత్రం ఎన్నడూ చూడలేదు.

డ్రైవర్ పక్కన సగం వానలో, సగం ఆటోలో కూర్చున్న ఫ్యాక్టరీ యూనిఫాం యువకుడు వెనక్కి తిరిగాడు.

"పబ్లిసిటీ అయితే నా పేరన్నా వేయొచ్చు కదమ్మా?"

పుట్టమ్మ అతని భుజం మీద ఒక్కటి వేసింది. "రాసేది నువ్వేనా అప్పా! ఆ పిల్లకి తాళి కట్టిచ్చినాక ఆపకూడదా?"

నందితకు చెవులు వేడెక్కాయి. అయినా తగ్గలేదు. "సీరియల్ చూసేవాళ్లం ఏం తప్పు చేసినాము? మమ్మల్నెందుకు ఏడిపించేది?"

"పోయిన చలికాలం అమెరికాలో టీవీ రైటర్లు నూరు దినాలు పని ఆపినారు. అడిగిందీ ఇదే. నెట్‌లో చూపించినా రాసినోళ్లకి కొంత రావాలని."

"ఆడ వేలమంది. ఈడ మీరొక్కరే!"

"రాసిందీ ఒక్కణ్ణే కదా."

అతను నవ్వాడు. కనురెప్పల మీద వాన చినుకులున్నాయి. నందిత చూడాల్సినదానికంటే కొంచెం ఎక్కువసేపే చూసింది. దిగేటప్పుడు పేరడిగింది. హరి అన్నాడు.

మర్నాడు తిమ్మరాజు తేలిగ్గా ఒక దారి చెప్పాడు. "డిగ్రీ చదివినావు, ఆ పెళ్లేదో నువ్వే రాసెయ్ పాపా."

ఆమె మూడు రోజులు కూర్చుంది. అయిదు పేజీలు రాసింది. పెళ్లి అయితే జరిగింది కానీ, పెళ్లిలో ఎవరికీ ప్రాణం లేదు. వెనకటి కాగితాలేమైనా ఉంటాయేమోనని ఆఫీసు కంప్యూటర్లో వెతుకుతుంటే ఒక ఉత్తరం కంటబడింది. దాన్ని రెండుసార్లు చదివింది.

సాయంత్రం షిఫ్టు వదిలే వేళకు హరి ఫ్యాక్టరీ గేటు ఎదుటి టీకొట్టు దగ్గర గొడుగు పట్టుకుని నిలబడింది. అతను రాగానే ముందు కాగితాలు చేతిలో పెట్టింది.

హరి చదువుతూ పెదవులు బిగించుకున్నాడు. "ఈ ముసలమ్మ 'నేను మిక్కిలి సంతోషించితిని' అంటా ఉండాది. యా ఊరి ముసలమ్మ ఈమె?"

"నవ్వినారంటే లాక్కుంటాను."

"నవ్వలేదు... టీ వేడిగా ఉండాది."

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. తర్వాత నందిత తల దించుకుంది. "బెంగళూరులో ఇండ్ల స్థలాలు అమ్మే కంపెనీ మన వీడియోల ముందర యాడ్ వేసేదానికి చిన్నాయనకి దుడ్డు ఇస్తా ఉండాది. ఉత్తరం చూసినాను. ఆ పొద్దు ఆటోలో నేను చెప్పింది అబద్ధం. తెలీక చెప్పినాను."

హరి గ్లాసు కింద పెట్టాడు. "నాకు చెప్పినట్టు ఆయనకి తెలిస్తే?"

"నేనే చెప్తాను. మీరు రాసేవరకు నేనూ నెట్‌లో ఏమీ పెట్టను. ఇంక ఒక్కరే అని బాధపడొద్దు."

హరి గొడుగు ఆమె చేతిలోంచి తీసుకుని, బస్సు వచ్చేవరకు ఆమె మీదే పట్టాడు. అతని చొక్కా పూర్తిగా తడిసిపోయింది.

నందిత అంతా చెప్పగానే తిమ్మరాజు మొదట మండిపడ్డాడు. "ఇంట్లో పిల్లవే నా మీద తిరగబడితే ఎట్ల?" రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పుట్టమ్మ మరో పదిమంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని ఆఫీసు మెట్లెక్కి, "పెళ్లెప్పుడు సామీ?" అని కూర్చుంది. ఆయన హరికి కబురు పెట్టాడు.

హరి వచ్చాడు. తిమ్మరాజు కుర్చీలో వెనక్కి వాలి, అలసటగా అన్నాడు. "నాలుగేండ్లుగా నష్టంలోనే నడిపినానప్పా. ఈ ఊర్లో మన మాట ఒకటి వినపడాలని. కెమెరా అతనికి జీతం ఇచ్చేది ఆ యాడ్‌తోనే. నీకు దాచింది తప్పే. పేరు వేయకపోయింది ఇంకా పెద్ద తప్పు."

"ఈ మాట ముందే చెప్పి ఉంటే నేను ఆపేవాణ్ణే కాదు సార్. కెమెరా అతనికి పోనీ. మిగిల్న దాంట్లో నాకూ భాగం ఉండాదని రాసిస్తే చాలు."

తిమ్మరాజు రాసి సంతకం చేసి ఇచ్చాడు.

పక్క గదిలో నందిత టైటిల్ కార్డు తయారు చేస్తోంది. 'రచన: హరి' అని టైపు చేసి, అక్షరాలు పెద్దవి చేసి, ఇంకా పెద్దవి చేసింది. హరి వచ్చి వెనక నిలబడి అది చదువుకున్నాడు.

"సమ్మె అయిపోయినాది," అన్నాడు. "ఇంక మీరు నాతో మాట్లాడేదానికి కారణం లేదు."

"కారణం ఉంటేనే మాట్లాడాలా?" ఆమె తెర మీద నుంచి చూపు తిప్పలేదు. "నీకు రాయడం వచ్చు కదా. ఏదో ఒకటి రాసుకో."

ఆమె 'మీకు' అనకుండా 'నీకు' అన్నది విని అతను ఒక అడుగు ముందుకు వేశాడు. "నందితా, రాసేది నాకు సులభమే. చెప్పేదే రాదు. నువ్వంటే నాకు ఇష్టం."

"వచ్చింది కదా," అంది నందిత, ఈసారి అతని వైపు తిరిగి. "నాకూ ఇష్టమే."

గోడ అవతల తిమ్మరాజు గట్టిగా దగ్గాడు. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"హరీ! ఆదివారం మీ అమ్మనీ నాయన్నీ మా ఇంటికి పిల్చుకోని రా."

"స... సీరియల్ గురించా సార్?"

"కాదులేప్పా," అన్నాడు తిమ్మరాజు.