ఐదేళ్ళ బ్యాటరీ

"మీ పదకొండో నంబర్ సెన్సార్ ఎలా ఉంది, ఇంజనీరు గారూ?"

ఇంజనీరు ల్యాప్‌టాప్ చూశాడు. స్క్రీన్ మీద విమానం బొమ్మలో నలభై చుక్కలూ పచ్చగా వెలుగుతున్నాయి.

"భేషుగ్గా ఉంది."

వైరింగ్ టెక్నీషియన్ పిడికిలి విప్పింది. ఆ సెన్సార్ బ్యాటరీ ఆమె అరచేతిలో ఉంది. "పొద్దున్నే పీకేశాను."

అతని మొహం మాడిపోయింది.

ఆరు నెలలుగా ఆ అమ్మాయి ముందు అతను కోసిన కోతలు అన్నీ ఇన్నీ కావు. విమానం గోడల వెనక వైర్ల కట్టలకి అతికించే ఈ బిళ్ళలు, వైరు వేడెక్కితే వైర్‌లెస్‌లో కబురు పంపుతాయట. మిగతా వేళల్లో హాయిగా నిద్రపోతాయట. అందుకే ఒక్క బ్యాటరీతో ఐదేళ్ళు! నిద్రపోయినదానికీ చచ్చినదానికీ తేడా ఎలా తెలుస్తుందని మాత్రం ఆ మహానుభావుడికి తట్టలేదు. తట్టే తీరిక ఎక్కడిది? విమానాలు బాగుచేసే హ్యాంగర్‌కి వచ్చిందే తడవుగా ఆమెను చూడటానికే సరిపోయేది.

"కబురు రాలేదంటే బాగున్నట్టే కదా అని..." నసిగాడు.

"మా నాన్న కూడా అమ్మ గురించి అలాగే అనుకున్నాడు. ఆవిడ పుట్టింటికి వెళ్ళిపోయిందని మూడో రోజు తెలిసింది."

"సెన్సార్ల చేత పది నిమిషాలకోసారి 'ఉన్నాను' అని చెప్పించొచ్చు. కానీ బ్యాటరీ రెండేళ్ళకే అయిపోతుంది. మేనేజర్ గారు ఐదేళ్ళని అందరికీ చాటేశారు. రేపే మీటింగ్. ప్లీజ్, ఈసారికి టెస్ట్ రిపోర్టు మీద సంతకం పెట్టేయండి. తర్వాత సరిచేస్తాను."

ఆమె మొహంలో నవ్వు పోయింది. "మీరు కోతలు కోస్తారని తెలుసు. అబద్ధం కూడా ఆడతారని తెలీదు."

టూల్‌బాక్స్ మూసి వెళ్ళిపోయింది.

ఉద్యోగం పోతుందేమోనని ఒక భయం, ఆమె ఇక తన మొహం చూడదేమోనని ఇంకో భయం. ఇల్లు చేరేలోపే రెండోదే పెద్దదని తేలిపోయింది. ఆ విమానం ఎక్కబోయే జనం గుర్తొచ్చి సిగ్గు కూడా వేసింది, కాస్త ఆలస్యంగానే అయినా.

మర్నాడు మేనేజర్ "ఐదేళ్ళు!" అని బల్ల గుద్దగానే అతను లేచాడు.

"రెండేళ్ళేనండీ. నా డిజైన్‌లో తప్పుంది. పట్టుకుంది టెక్నీషియన్ గారు."

మేనేజర్ మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. మళ్ళీ బల్ల గుద్దాడు.

"నీకు ఏసీ గది ఎక్కువైంది! ఆ నలభై బిళ్ళలూ ఊడబీకి, సరిచేసి, నీ చేత్తోనే మళ్ళీ అతికించు. ఆ అమ్మాయి సరేననేదాకా హ్యాంగర్‌లోంచి కదలకు!"

శిక్ష వేయడం కూడా చేతకాని మేనేజర్, పాపం.

సాయంత్రం అతను విమానం కింద మోకాళ్ళ మీద కూర్చుని మొదటి ప్యానెల్ విప్పుతున్నాడు. ఆమె టార్చ్ పట్టుకుంది, మొహం అటు తిప్పుకుని.

"నిన్న ఇంటికెళ్ళి ఏడ్చాను."

"సెన్సార్ కోసమా?"

"బుద్ధుందా? మీ కోసం. ఇష్టపడ్డ మనిషి అబద్ధాలకోరని తెలిస్తే ఏడుపు రాదూ?"

అతను ఉన్నపళాన లేచాడు. నెత్తిమీద విమానం ఉందన్న సంగతే మరిచిపోయాడు. ఠంగుమంది.

"అయ్యో, బాగా తగిలిందా?" ఆమె రెండు చేతులా అతని తల పట్టుకుంది.

"కొంచెమే," అన్నాడు. ఇకమీదట నిజమే చెప్పాలి మరి. "అయినా చేతులు తియ్యకండి. మీరంటే నాకు ప్రాణం."

ఆమె తియ్యలేదు. టార్చ్ ఎప్పుడు జారిపడిందో ఇద్దరికీ తెలీదు.