బరఫ్‌ఖానా గల్లీల నింబూపానీ

"నువ్వు సల్ల పోసినవ్ గాబట్టే నా పేరు కొట్టేసిన్రు పెద్దమ్మా!"

"సల్లనే గద పోసిన. విషం పొయ్యలే గద?"

"పొయ్యద్దని చెప్పిన్నా లేదా?"

"నాలిక పిడచగట్టుకపోయి వచ్చినోనికి సల్ల పొయ్యకపోతే నేను మనిషినా, గుంజనా?"

ఏడాది సంది ఇదే లొల్లి. నాకు, మా మరిది కొడుకు ఎల్లేష్‌గానికి. పొద్దున పాలు పిండేటప్పుడు సురువైతే బర్లకు గడ్డేసేదాంక ఒడువది. గా దినం గూడ గట్లనే కొట్లాడుకుంట కొట్లాడుకుంట, వాడు ఫోను తెచ్చి నా మొకం ముంగట పెట్టిండు.

"సూడు. ఈసారి రేసు ఆఖర్ల మన ఇంటెనకకెల్లే పోతది. బరఫ్‌ఖానా గల్లీలకెల్లి. గప్పుడు నువ్వు బయటికి రావద్దు. కాళ్లు మొక్కుత."

గల్లీ పేరు ఇనంగనే గడపల కూసున్న నా తోటికోడలు స్వరూప గుండెల మీద చెయ్యేసుకున్నది. వాని తల్లి గదా.

"రాత్రిపూట... గా గల్లీలకెల్లా? వద్దు బిడ్డా."

గా గల్లీ ముచ్చట చెప్పాలె. బహదూర్‌పురాల మా బర్ల కొట్టం ఎనక ఉంటది. ఒక దిక్కు ఐసుగడ్డలు చేసే బరఫ్ కార్ఖానా గోడ, అది మూతవడి ఏండ్లాయె, ఇంకో దిక్కు మురికి నాలా. లైట్లు లేవు. ఎన్కట ఆడ బరఫ్ గడ్డలు మోసే కృష్ణయ్య అని ఒకడుండె. వాడు సల్లటి అర్రల ఉండంగనే ఎవడో చూస్కోక బయటికెల్లి గడియ పెట్టి ఇంటికి పోయిండట. తెల్లారి తలుపు తీస్తే... ఇగ గంతే.

గప్పటిసంది — రాత్రి ఒక్కడు పోతుంటే ఎనకకెల్లి మెల్లగ ఇనవడ్తదట. "నీళ్లు... జెర్ర నీళ్లు..." అని. ఎనక తిరుగద్దు. జవాబియ్యద్దు. నీళ్లు అసలే పొయ్యద్దు. పోస్తే ఇంటిదాంక ఎంబడి వస్తడంటరు.

నేనైతే పెండ్లైన కాడికెల్లి గా గల్లీ చూస్తున్న. ఏనాడు దెయ్యం కనవడలే. కనవడ్డదంత మేకులు గుచ్చిన నిమ్మకాయలు, కోడి తలకాయలు, పలిగిన సీసలు, ఈగలు. దెయ్యం చేసిన గలీజు ఏం లేదు. దెయ్యమంటే భయపడేటోళ్లు చేసిందే అంత. థూ.

ఇగ వీని రేసు ముచ్చట. సైకిల్ మీద దినాలకు దినాలు తొక్కుడు. పట్నంల బయలెల్లి నల్లమల అడివి వడి, శ్రీశైలం ఘాటెక్కి దిగి, మల్ల చార్మినార్ కాడి పత్తర్‌గట్టికి రావాలె. ఎనక బండి రాది. పండుకునే సంచి, పానలు, పంచర్ సామాను, తిండి — అన్ని సైకిల్‌కే కట్టుకోవాలె. యాడ అలిసిపోతే ఆడ ఒరుగుడు. సాయం ఎవ్వలు చెయ్యద్దు, సొంతోళ్లు అసలే చెయ్యద్దు. దుకాణంల పైసలిచ్చి కొనుక్కోవచ్చునట. అది గూడ అందరికీ అమ్మే దుకాణమైతేనే.

కిందటేడు వాడు ఎండల వస్తుంటే శంషాబాద్ రోడ్డు మీద నిలవడి చెంబెడు సల్ల పోసిన. ఎవడో ఫోటో కొట్టిండు. వీని పేరు కొట్టేసిన్రు. గప్పటికెల్లి వాడు మెకానిక్ పనిచేసే డిపోల పేరే మారిపాయె. "ఏం సల్లా, జెర్ర బ్రేకు సూడు!" "సల్ల ఎల్లేష్ వచ్చిండురో!" అని డ్రైవర్లు, కండక్టర్లు అందరు. పోరడు అన్నానికి గూడ వాళ్ల తోటి కూసోడు.

"ఈసారి గూడ పేరు పోతే నేను సైకిల్ ముట్ట పెద్దమ్మా," అన్నడు. "డిపో గూడ మార్పిచ్చుకుంట. ఆడ తలెత్త లేను."

గా మాట మాత్రం నాకు గుచ్చుకున్నది. గని వాడు తయారయ్యే తీరు చెప్తె మీరు గూడ ముక్కు మూసుకుంటరు.

పండ్లు తోమే బ్రష్షును సగానికి కోసిండు. బరువట! కోసిన ముక్కెంత, వాని పొట్టెంత? డ్యూటీ దిగి రాత్రంత తొక్కుడు, తెల్లారి వచ్చి చెమటకంపు లాగు నా పాల క్యాన్ల మీద ఆరేసుడు. కూసునేకాడ ఒరుసుకపోయిన పుండ్లకు జిడ్డు మందు రాసుకొని, గదే చేత్తోటి అన్నం గిన్నె ముట్టుడు. ఒకపారి పాలు కాగవెట్టే గిన్నెల చైను నానవెట్టిండు. నల్లటి నూనె! గా నూనె గిన్నెతోనే వాని ఎంబడి పడ్డ, నాలా దాంక ఉరికిచ్చిన. ఇంకోపారి మిద్దెమీద వెండి కాయిదం అసొంటి సంచిల మొకం గూడ కనవడకుండ దూరి పన్నడు, అలవాటు కావాల్నని. పొద్దుగాల స్వరూప చూసి పానం పోయినట్టు మొత్తుకున్నది. గల్లీ అంత జమైంది.

సరే. రేసు సురువైంది.

తొక్కేటోళ్లందరి దగ్గర చిన్న మిషిన్ ఉంటదట. వాడు యాడున్నడో ఫోన్ల చుక్క లెక్క కనవడ్తది. స్వరూప అన్నం తినది, నిద్ర పోది, గా చుక్కనే చూస్తది. చుక్క కదిలితే నవ్వు, ఆగితే ఏడుపు.

ఆఖరి రాత్రి... ఎండలు ముదిరిన దినాలు. పొద్దువోయినా రోడ్డు సెగలు కక్కుతున్నది.

"అక్కా... చుక్క ఆగింది."

"పన్నడేమో. పండనీ."

"లేదక్కా. కదిలింది... మల్ల ఆగింది... మల్ల జెర్రంత కదిలింది."

గప్పుడే మా పక్కింటి మొగులయ్య వచ్చిండు. నాతోని పాల క్యాన్లు ఏసేటోడు. రొప్పుకుంట వచ్చిండు.

"వదినా, ఆరాంఘర్ ఇవతల చూసిన పోరన్ని. దగ్గరికి పోలే, మాట్లాడలే, ఒట్టు. సీసా నోట్లె బోర్లిస్తున్నడు... ఒక్క బొట్టు పడ్తలేదు. సైకిల్ ఇటు ఊగుతున్నది, అటు ఊగుతున్నది. దుకాణాలన్ని బంద్. పక్కకెల్లి లారీలు..."

ఇస్తే పేరు పాయె. ఇయ్యకపోతే పానమే పాయె.

స్వరూప ఏడుపు ఎత్తుకున్నది. ఏడుపు ఇంటె నాకు ఒళ్లు మంట. లేచి బకిట తీసిన.

"యాడికక్కా?"

"దుకాణం పెడ్త. కొనుక్కోవచ్చన్నడు గద వాడే? అమ్ముత. వచ్చినోనికల్లా అమ్ముత."

"ఈ యాల్లప్పుడా? రోడ్డు మీద పెడ్తె పోలీసోళ్లు లేపుతరు వదినా," అన్నడు మొగులయ్య.

"గల్లీల పెడ్త. ఆడికి పోలీసోళ్లు గూడ రారు. నువ్వు వస్తవా?"

మొగులయ్యకు గప్పుడే నడుము నొప్పి లేచింది.

నేనే పోయిన. స్టూలు, బకిటెడు నీళ్లు, నిమ్మకాయలు, శక్కర, ఉప్పు, గ్లాసులు. పాల పైసలకు పెట్టుకున్న ఫోను డబ్బా — పైసలు వడంగనే ఒర్లేది. చిల్లర కోసం ఒక రేకు డబ్బా. చార్జింగ్ లైటు కింద పెట్టిన. దోమలు పీక్కతింటుంటే తెల్ల దుప్పటి నెత్తి మీదికెల్లి కప్పుకున్న.

కంపు... నాలా కంపు, కుళ్లిన కోడి తలకాయల కంపు. ముక్కు మూసుకొని కూసున్న.

ఎవ్వడన్న ఒక్కడు కొంటె సాలు. గప్పుడు ఇది ఎల్లేష్‌గాని కోసం పెట్టింది గాదు, అందరి దుకాణమని చెప్పుకోవచ్చు.

స్కూటర్ మీద ఇద్దరు వచ్చిన్రు. వాళ్ల లైటు నా మీద పడ్డది. టక్కున ఆగిన్రు.

"నింబూపానీ... పదిహేను..." అని గ్లాసు ముంగటికి సాపిన.

"యా అల్లా—!"

స్కూటర్ మల్పిన్రు. ఒకని చెప్పు ఆడనే పడ్డది. తీస్కునేటందుకు గూడ ఆగలే. థూ... మీకు మీసాలెందుకురా?

మల్ల సప్పుడు లేదు.

నాలాల కప్పలు ఒర్లుతుండె. ఒక్కపారిగ... బంద్ అయినయ్. లైటు సన్నవడ్డది. గంత ఉక్కల... ఎనకకెల్లి సల్లటి గాలి తలిగింది.

"నీళ్లు..."

నేను కదలలే.

"జెర్ర... నీళ్లు..."

నా ఎనక కార్ఖానా గోడ తప్ప ఏం లేదు. నాకు భయం గాలే, ఒళ్లు మండింది. తాగుబోతులు ఈ నాటకం నేర్సుకున్నరు, కృష్ణయ్య పేరు చెప్పి మందిని బెదిరియ్య.

"ఎనక నిలవడుడేంది? ముంగటికి రా."

వచ్చిండు. మొకం లైటుకు అందలే. బనీను, లుంగీ తడిసి ఒంటికి అతుక్కున్నయ్. భుజం మీద గోనెపట్ట. దానికెల్లి నీళ్లు... బొట్టు... బొట్టు...

"సాదా నీళ్లు లేవ్. నింబూపానీ. పదిహేను."

"నీళ్లు..."

"చెవుడా? పదిహేను. ముఫ్త్‌ల పోసేదైతే ఇంట్లనే ఉందును, ఈ కంపుల ఎందుకు కూసుంట?"

అట్లనే నిలవడ్డడు. ఎంతసేపో. నేను గూడ గ్లాసు ఇడువలే. ఆఖర్కి చెయ్యి మొలకాడికి పోయింది. రేకు డబ్బాల రూపాయి బిళ్లలు వడ్డయ్... టక్... టక్... బండమీద బరఫ్ ముక్కలు పడ్డట్టు.

గ్లాసు ఇచ్చిన. తాగిండు. గుటక సప్పుడు లేదు.

"ఉప్పు తక్కువైంది," అన్నడు.

"నచ్చకుంటే ఇంకోకాడ తాగు!" అని తలకాయ లేపిన.

ఎవ్వడు లేడు. గ్లాసు స్టూలు మీద ఉన్నది. తీద్దామంటే ఏళ్లకు అతుక్కున్నది. శక్కర జిగురు అనుకొని, దుప్పటికి తుడిచి కడిగిన.

గప్పుడు ఇనవడ్డది... కిర్ర్... కిర్ర్... గల్లీ మొగదాల చిన్న లైటు. ఊగుకుంట వస్తున్నది.

ఎల్లేష్‌గాడు. మొకం మీద ఉప్పు పొక్కులు, పెదవులు పలిగి నెత్తురు. నన్ను చూసి సైకిల్ గోడకు రాసుకుంట ఆపిండు. నిద్రలేక నల్లమల కాడికెల్లి వానికి చెట్లు నడుస్తున్నట్టు, రోడ్డుమీద ఎవరెవరో కూసున్నట్టు కనవడ్తున్నదట. తర్వాత చెప్పిండు. ఇది గూడ గసొంటిదే అనుకున్నడు.

"దెయ్యమా..." అని గుసగుసగ అడిగిండు. "పెద్దమ్మవా...?"

"ఏదైతేంది? గ్లాసు పదిహేను."

"పెద్దమ్మవైతే తాగ. పేరు పోతది."

"దెయ్యాన్నైతే?"

జెర్రసేపు ఆలోచన చేసిండు పాపం. "అందరికీ అమ్ముతవా?"

"అందరికీ. నీకంటె ముందే ఒకడు తాగిపాయె."

"పైసలిచ్చిండా?"

"ఇయ్యకుంటే పోస్తనా?"

ఫోను తీసి పైసలు కొట్టిండు. పదిహేను రూపాయలు వచ్చినయని ఫోను డబ్బా ఒర్లితే గల్లీ అంత దద్దరిల్లింది. ఒకటి తాగిండు. ఇంకోటి తాగిండు. సీసా నింపిచ్చుకున్నడు. అన్నిటికీ పైసలు కొట్టిండు. నేను రూపాయ తగ్గియ్యలే. తగ్గిస్తే సొంతం మనిషినైత. మెల్లగ తాగు అని గూడ అనలే. వాని మొకం దిక్కు చూడకుండ నిమ్మకాయ పిండుకుంట కూసున్న.

సీదాగ తొక్కుకుంట పోయిండు. ఈసారి ఊగలే.

తెల్లారి పత్తర్‌గట్టిల రేసు ఒడిసింది. చప్పట్లు కొట్టిన్రట, దండేసిన్రట. మనోడు గంతతోటి ఊకుంటడా? అడగకముందే చెప్పిండు, మా పెద్దమ్మ దుకాణంల కొనుక్కొని తాగిన అని. గసొంటి నోటిని ఏం చెయ్యాలె? బర్రె మూతికి కట్టే బుట్ట కట్టాలె.

మిట్టమధ్యాహ్నం రేసు వాళ్ల పిల్ల వచ్చింది, స్వీటీ అట. మెడల కార్డు. ఎల్లేష్‌గాడు మొకం నేలకేసి నిలవడ్డడు.

"ఆంటీ, ఇంకెవరికైనా అమ్మారా? ఈయన కోసమే పెట్టి ఉంటే అది సాయం కిందికొస్తుంది. పేరు తీసెయ్యాలి."

"అమ్మిన. ఒకనికి. వీనికంటె ముందు."

"ఎవరు?"

"పేరడిగి అమ్ముతరా? బనీను, లుంగీ. ఒళ్లంత తడి. భుజం మీద గోనెపట్ట."

చాయ్ తాగుతున్న మొగులయ్య చెయ్యి ఆడనే ఆగింది.

"వదినా... గోనెపట్టనా? గది బరఫ్ మోసేటోళ్లు ఏసుకునేది. కార్ఖానా మూతవడ్డంక ఎవ్వడేసుకుంటడు...?"

"నిమ్మకాయ చూస్తె ఉరకాలె గద మీ దెయ్యం? వాడు తాగి, పైకెల్లి ఉప్పు తక్కువైందని వంకలు పెట్టిండు."



"రుజువేమైనా ఉందా ఆంటీ?" అన్నది స్వీటీ, మెల్లగ.

అర్రలకెల్లి రేకు డబ్బా తెచ్చిన. ఎల్లేష్‌గానివన్ని ఫోన్ల పడ్డయ్. డబ్బాల ఉన్నయంటె గా ఒక్కడేసినయే. రేకుల కింద ఒళ్లు ఉడుకుతున్నది, అరుగు మీద కాలు పెట్టొస్తలేదు... గని డబ్బా చుట్టు చెమటలు. నీళ్లు కారుతున్నయ్.

అరుగు మీద బోర్లిచ్చిన.

బిళ్లల మీద తెల్లగ మంచు. గంత ఎండల... కరుగుతలేదు.

స్వీటీ ఒక బిళ్లను ముట్టి, సుర్రుమన్నట్టు ఏలు గుంజుకున్నది.  ఫోన్ల ఏదో కొట్టుకున్నది. "ఎల్లేష్ గారి పేరు ఉంటుంది," అని చెప్పులు చేతుల పట్టుకొనే బయటికి నడిచింది. ఎల్లేష్‌గాడు ఆడనే కూలవడి, రెండు చేతులతోటి మొకం మూసుకున్నడు.

స్వరూప బిళ్లలకు దండాలు పెడ్తున్నది. మొగులయ్య గోడకు ఆనుకున్నడు. నాకైతే రోత పుట్టింది. ఇన్నేండ్ల సంది పోయేటోళ్లను వచ్చేటోళ్లను ఆపి, బెదిరిచ్చి, ముఫ్త్‌ల అడుక్కునుడు... పైసలు మొలల్నే పెట్టుకొని! గట్టిగ అడిగితే కట్టిండా లేదా — పదిహేను రూపాయలు.